తగుమాత్రపు ఆయాసం

ఉసిరిపుట్టు నుంచి లింగగూడ సంతకు పోయే కొండదారిని మా సంస్థే కనిపెట్టింది. కనిపెట్టిన రోజున ఆ దారిమీద వందమంది దాకా నడుస్తూ ఉన్న మాట నిజమే. కాని వాళ్లు సంతకు పోతున్నారు, కనిపెట్టడానికి పోవడం లేదు. ఆ తేడాను మా ప్రత్యేకాధికారి నగేంద్రనాథ్ గారు మొదటి సమావేశంలోనే విడమరిచి చెప్పారు.

మాది కొండదారుల వారసత్వ ప్రాధికార సంస్థ. అందులో నేను అనువాదకుణ్ణి. ఇంగ్లీషులో పుట్టిన ఉత్తర్వుల్ని తెలుగులోకి, తెలుగులో పుట్టిన అర్జీల్ని ఇంగ్లీషులోకి మార్చడం నా ఉద్యోగం. ఉత్తర్వులు ఊళ్లోవాళ్లకు అర్థం కావు, అర్జీలు పైవాళ్లు చదవరు. కాబట్టి నా పనిలో తప్పులు పట్టినవాళ్లు ఇంతవరకు లేరు.

మేఘపథం గురించి మీరు వినే ఉంటారు. వినకపోతే మా ప్రచార విభాగం ఏం చేస్తోందో కనుక్కోవాలి. సముద్రం కనిపించే మొదటి కొండ దగ్గర బయలుదేరి, కాఫీతోటలు, లోయలు, గెడ్డలనే కొండవాగులు దాటుకుంటూ అవతలి రాష్ట్రపు పొలిమేర దాకా పోయే కాలిదారి అది. గట్టిగా నడిచినా వారం పైన పడుతుంది. అంత పొడుగునా అది ఏ ఊరికి ఆ ఊరి సంతదారే. మేం చేసిందల్లా ఆ సంతదారులన్నిటినీ పటంమీద ఒక ఎర్రగీతతో కలిపి పేరు పెట్టడం. పేరు పెట్టాక జెండా వచ్చింది, జెండా వచ్చాక ఒక గీతం వచ్చింది, గీతం వచ్చాక ఇక దారి లేదనడానికి ఎవరికీ నోరు రాలేదు.

మా కార్యాలయం లింగగూడ అతిథిగృహంలో, సరిగ్గా కొండ అంచున ఉండేది. నగేంద్రనాథ్ గారు పొద్దున్నే కాఫీ కప్పుతో మేడమీది వసారాలో కూర్చుని బైనాక్యులర్లతో దారిని పర్యవేక్షించేవారు. దూరపు కొండలు నునుపు అంటారు కదా, ఆయన వాటిని జాగ్రత్తగా దూరంలోనే ఉంచుకున్నారు.

"ఇది దారి కాదయ్యా," అనేవారు నాతో. "అనుభూతి."

"చిత్తం," అనేవాణ్ణి. అనుభూతిని తెలుగు చేయనక్కర్లేదు, అది ముందే తెలుగు.

ఆయనకు ఉన్న దిగులల్లా బూట్లు. అంతర్జాతీయ పాదచార మండలి అని ఒకటుంది. ప్రపంచంలో ఏ కొండదారి ఎంత కష్టమో చూసి, బూట్ల లెక్కన హోదా ఇస్తుంది. ఒక బూటు అంటే భోజనం చేశాక చేసే షికారు. అయిదు బూట్లు అంటే ఇంట్లో చెప్పి బయలుదేరాల్సిన దారి. పక్క రాష్ట్రంలో ఏదో దారికి నాలుగు బూట్లు వచ్చాయని పేపర్లో చదివినప్పటి నుంచి నగేంద్రనాథ్ గారికి ఇడ్లీ కూడా సయించడం లేదు. మా దారికి అయిదు రావాలి. వస్తే ఉసిరిపుట్టు ఎక్కుడు వల్లే రావాలి, ఎందుకంటే మొత్తం దారిలో అంత నిటారుగా ఉన్న ముక్క మరొకటి లేదు. లోయలో ఉసిరిపుట్టు, ఊరి ముందు ఏనుగురాళ్ల గెడ్డ, గెడ్డ దాటగానే గోడలాంటి కొండ, కొండపైన మా అతిథిగృహం, సంత, ఆసుపత్రి.

దరఖాస్తుకు ఫోటో కావాలన్నారు. రాజధాని నుంచి ధీరజ్ అనే కన్సల్టెంటు వచ్చాడు. రెండు చేతికర్రలు, మోకాళ్లకు పట్టీలు, వీపున గొట్టంతో నీళ్లు పీల్చుకునే సంచి. కిందికి దిగినంతసేపూ బాగానే దిగాడు. తిరిగి ఎక్కుతూ మూడో మలుపులో కూర్చుండిపోయాడు. నోరు తెరుచుకుంది, కళ్లు తేలాయి. ఫోటోగ్రాఫరు సంతోషం పట్టలేక, "అలాగే ఉండండి సార్, అద్భుతం!" అని తీయడం మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడే వెనక నుంచి పాంగి బుద్రమ్మ వచ్చింది.

బుద్రమ్మ ఉసిరిపుట్టు మనిషి. డెబ్బై దాటి ఉంటుంది, ఆవిడ లెక్క పెట్టుకోలేదు. నెత్తిమీద పనసకాయల గంప, వీపున గుడ్డలో కట్టుకున్న చంటి మనవడు, నోట్లో అడ్డపొగ. అంటే నిప్పు నోటి లోపలికి పెట్టుకుని కాల్చే చుట్ట. ధీరజ్‌ను చూసి ఆగింది.

"ఏటి బాబూ, ఒంట్లో బాగోనేదా? గంప ఇక్కడెట్టీసి నిన్ను మీదికి మోసీమంటావా?"

అతను చెయ్యి అడ్డంగా ఊపాడు. "ఆ... ఆయా..."

"అనకు!" అంది బుద్రమ్మ, చుట్ట తీసి మరీ. "కొండెక్కినప్పుడు ఆయాసమని అనకూడదు. కొండకి సెవులుంటాయి. వినీసిందంటే బారెడు ఎదుగుద్ది. అలగ అని అనే ఈ కొండ ఇంతైంది."

అది వాళ్ల పట్టింపు. ఉసిరిపుట్టులో పుట్టినవాళ్లెవరూ ఎక్కుడులో అలసట మాట ఎత్తరు, రొప్పరు, ఉస్సురనరు. ఊపిరి ముక్కుతో పీల్చుకుంటూ, ఊళ్లో పెళ్లిళ్ల గురించి మాట్లాడుకుంటూ పోతారు. చిన్నపిల్లలు "కాళ్లు నొప్పి" అన్నా తల్లులు నోరు మూసేస్తారు. బుద్రమ్మ చుట్ట మళ్లీ నోట్లో పెట్టుకుని పైకి వెళ్లిపోయింది.

ఫోటో చాలా బాగా వచ్చింది. అదే కొంప ముంచింది. మండలి నుంచి వచ్చిన జవాబును నేనే తెలుగు చేశాను: "చిత్రంలో ముందున్న యువకుడు అస్వస్థుడిగా కనిపిస్తున్నప్పటికీ, ఆయన వెనుక ఒక వృద్ధ మహిళ బరువుతో, పసిబిడ్డతో, పొగ తాగుతూ సౌకర్యంగా నడుస్తున్నారు. ప్రాథమిక అంచనా రెండు బూట్లు. వృద్ధులకు, కుటుంబాలకు అనుకూలం. తుది అంచనా కోసం మా పరిశీలకురాలు స్వయంగా రాగలరు."

నగేంద్రనాథ్ గారు ఆ కాగితాన్ని బోర్లా పెట్టి, దానిమీద చెయ్యి పెట్టి కొంతసేపు కూర్చున్నారు. మేమంతా నిలబడ్డాం.

అత్యవసర సమావేశంలో ఇంజినీరు గారు ఒక ఉపాయం చెప్పారు. దారిలో మెట్లలా పనికొస్తున్న రాళ్లను పీకేయిస్తే కాఠిన్యం పెరుగుతుందని. పీకించాం. ఊళ్లోవాళ్లు పక్కనుంచి నడిచారు. మూడో మలుపులో దారికి అడ్డంగా పెద్ద బండ దొర్లించాం. సంతరోజు చూస్తే దానిమీద గంపలు దింపుకుని, మంచినీళ్లు తాగుతూ, ఇన్నాళ్లకు గవర్నమెంటోళ్లకు మా మీద దయ కలిగిందని చెప్పుకుంటున్నారు. సర్పంచి కృతజ్ఞతా పత్రం పంపాడు. నగేంద్రనాథ్ గారు దాన్ని ఫైలు చేయవద్దన్నారు.

ఆ దారిలో ఊళ్లోవాళ్ల నడకనే నిషేధిస్తే ఎలా ఉంటుందని ఎవరో అన్నారు. అతిథిగృహం వంటవాడు టీ పెడుతూ, సంత జనం రాకపోతే దొరగారికి రేపటి నుంచి పనసపొట్టు కూర ఉండదని మనవి చేసుకున్నాడు. నిషేధం వీగిపోయింది.

చివరికి నగేంద్రనాథ్ గారే లేచారు. గొప్ప ఆలోచనలు వచ్చినప్పుడు ఆయన కళ్లజోడు తీసి తుడుస్తారు. తుడిచారు.

"లోపం దారిలో లేదు," అన్నారు. "నడిచేవాళ్ల ముఖాల్లో ఉంది."

మర్నాడు సర్క్యులరు వెలువడింది. "మేఘపథమునందలి ఎక్కుడు భాగములలో సంచరించు స్థానిక పాదచారులు, సదరు మార్గ గౌరవమునకు భంగము కలుగకుండునట్లు, తమ శ్రమను తగుమాత్రపు ఆయాసము ద్వారా బహిరంగముగా వ్యక్తపరచవలెను. ఎక్కునపుడు పొగత్రాగుట, హాస్యమాడుట, పాటలు పాడుట నిషిద్ధము." తగుమాత్రం అన్న మాట నాది. బాగా కుదిరిందని ఇంటికెళ్లి మా ఆవిడకు కూడా చెప్పాను. ఆవిడ నాకేసి అదోలా చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఉసిరిపుట్టు బడి ముందు సభ పెట్టాం. నగేంద్రనాథ్ గారు మరో వైపు మట్టిరోడ్డు మీదుగా, చుట్టుతిరిగి గెడ్డకు అవతల దాకా జీపులో వచ్చారు. జీపు దిగాక గెడ్డ దాటడానికి ఇద్దరు మనుషులు కుర్చీ పట్టారు. నేను సర్క్యులరు చదివాను. తర్వాత బుద్రమ్మ లేచింది.

"అయితే ఏటంటారు బాబూ? మావు రొప్పాలా?"

"రొప్పడం అనకూడదు," అన్నారు నగేంద్రనాథ్ గారు. "శ్రమ వ్యక్తీకరణ."

"ఏదైతేనేటి. కొండ ఎదిగిపోద్ది. మావు రొప్పం." కూర్చోబోయి, మళ్లీ నిలబడింది. "అది సరే గాని, మా ఒంతెన ఏటైనాది బాబూ?"

వంతెన సంగతి చెప్పాలి. ఏనుగురాళ్ల గెడ్డ ఎండాకాలం పిక్కల లోతుంటుంది. వానాకాలం కొండమీద ఓ జల్లు పడితే చాలు, చెట్లను దొర్లించుకుంటూ వస్తుంది. మట్టిరోడ్డు కూడా గెడ్డకు అవతలే ఆగిపోతుంది, అదీ మొదటి వానకే కొట్టుకుపోతుంది. నిరుడు శ్రావణంలో బుద్రమ్మ పెద్దకోడలికి నొప్పులొస్తే, డోలీ కట్టి తీసుకొచ్చి, నీళ్లు తగ్గుతాయని గెడ్డ గట్టున పొద్దున్నుంచి కూర్చున్నారు. నీళ్లు తగ్గలేదు. బిడ్డ ఆ రాళ్లమీదే పుట్టాడు. అందుకే వాడి పేరు గెడ్డన్న. తల్లి మూడు నెలలు మంచం దిగలేదు. ఆ తర్వాతే ఒక కాలివంతెన మంజూరైంది, లింగగూడకు ఇనుము, సిమెంటు కూడా వచ్చాయి. ఇప్పుడవి టార్పాలిన్ పట్టా కింద ఉన్నాయి. మా సంస్థ అభ్యంతరం తెలిపింది.

"వంతెన ఒక సౌకర్యం," అన్నారు నగేంద్రనాథ్ గారు ఓపిగ్గా. "సౌకర్యం కాఠిన్యానికి విరోధి. గెడ్డ దాటడం ఒక్కటే మన దారికి బూటున్నర విలువ తెస్తుంది. విశాల ప్రయోజనాల దృష్ట్యా వంతెనను తాత్కాలికంగా, శాశ్వత ప్రాతిపదికన నిలిపివేయడమైనది."

"మా రెండో కోడలికి ఇది ఏడో నెల," అంది బుద్రమ్మ. "పేరు ముక్త. అదిగో, ఆ మూలన కూకున్నాది. దానికీ ఆనల్లోనే పురుడొస్తాది. ఇంకో గెడ్డన్న నాకొద్దు బాబూ."

ముక్త తల దించుకుని చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. నాకు ఆ సర్క్యులరు చేతిలో పట్టుకుని నిలబడడం సిగ్గనిపించింది. మడిచి జేబులో పెట్టుకున్నాను. నగేంద్రనాథ్ గారు మాత్రం, "మానవీయ కోణం నమోదు చేసుకున్నాం," అని, కుర్చీ ఎత్తమని సైగ చేశారు.

సర్క్యులరుతో పని కాకపోతే శిక్షణ అన్నారు. ఆయాస శిక్షకుడిగా పైడిరాజు మాస్టారిని నియమించాం. ఆయన పాత రంగస్థల నటుడు. చావు సన్నివేశాల్లో ఆయనకు జిల్లాలో ఎదురు లేదు, చచ్చాక కూడా ఈలలు పడితే లేచి మళ్లీ చచ్చేవాడు. బడి వరండాలో నిలబడి గుండె పట్టుకోవడం, తూలడం, మాట మింగడం చూపించాడు. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. జీవితమంతా బరువులు మోసినవాళ్లకు ఆయాసం నేర్పడం తాతకు దగ్గులు నేర్పినట్టే ఉంది. ఒక్కరూ రొప్పలేదు. మాస్టారు మాత్రం నిజంగానే అలిసిపోయి అరుగుమీద పడుకున్నాడు.

బుద్రమ్మ ఆయనకు గంజి ఇచ్చి, పక్కన కూర్చుని చుట్ట కాల్చింది. తర్వాత నన్ను పిలిచింది.

"బాబూ, ఆ వొచ్చే దొరసాని ఏటి సూత్తాది?"

"దారి ఎంత కష్టమో చూస్తుంది."

"మరీ కట్టమైతే?"

"అయిదు బూట్లు ఇస్తుంది."

"అంతకన్నా కట్టమైతేనో?"

నేను ఆలోచించాను. ఆ ప్రశ్న మా కార్యాలయంలో ఎవరికీ తట్టలేదు. "అంతకన్నా ఎక్కువ బూట్లు లేవమ్మా," అన్నాను.

ఆవిడ చుట్ట నేలకు రాసి ఆర్పింది. "సరే. రొప్పుతాం. కొండకి ముందు సెప్పుకోవాల. ఓ కోడి ఇప్పించండి."

కోడిని పర్వతానుమతి అనే పద్దు కింద ఇప్పించాం. బుద్రమ్మ కొండ మొదట్లో నిలబడి, ఈ ఒక్క సంతకీ నువ్వు ఎంత ఎదగాలనుకుంటే అంత ఎదుగు తల్లీ, ఆ తర్వాత మళ్లీ నీ కొలతకు నువ్వు దిగిపో అని మొక్కింది. నేను పక్కనే ఉన్నాను, నాకు అందులో అనుమానించాల్సింది ఏమీ కనిపించలేదు. ఆ మర్నాటి నుంచి శిక్షణ జోరందుకుంది. మాస్టారు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నలభై ఏళ్లుగా ఇలాంటి శిష్యుల కోసమే ఎదురు చూశానన్నాడు.

పరిశీలకురాలు సంతరోజునే వచ్చింది. పేరు హెల్గా. ఎక్కడో మంచుకొండల దేశం మనిషి, అరవై దాటినా కర్రలా నిటారుగా ఉంది. అతుకులు వేసిన పాత బూట్లు, చిన్న సంచి. "మనం కిందికి దిగుదాం," అంది నాతో. "ఎక్కి వచ్చేవాళ్ల ముఖాల్లో దారి కనిపిస్తుంది." నగేంద్రనాథ్ గారి సిద్ధాంతం కూడా అదే కాబట్టి నేను సంతోషించాను. ఆయన వసారాలో బైనాక్యులర్లతో, మరో సెట్టుతో కూర్చున్నారు, నేను చేతిలో వైర్‌లెస్ సెట్టుతో హెల్గా వెంట బయలుదేరాను.

పై మలుపులో ఉసిరిపుట్టు కొర్రా సోమన్న కావిడి దింపేసి, ఒక చెట్టును కౌగిలించుకుని ఉన్నాడు. ఛాతీ కొలిమితిత్తిలా ఎగిరిపడుతోంది. హెల్గా ఆగి నాడి చూడబోతే, చేత్తో వద్దని, ముందు నా వెనకాలవాళ్లను చూడండన్నట్టు కిందికి చూపించాడు.

"బ్రహ్మాండం," అంది వైర్‌లెస్. "అలాగే కానివ్వండి."

కింది మలుపులో నలుగురు ఆడవాళ్లు ఒకరి నడుం ఒకరు పట్టుకుని, అడుగు తీసి అడుగు వేస్తూ వస్తున్నారు. వాళ్ల వెనక ఇద్దరు కుర్రాళ్లు మూడోవాణ్ణి ఈడ్చుకొస్తున్నారు. ఆ మూడోవాడు నిన్న ఇదే దారిలో మేకను భుజాన వేసుకుని పరిగెత్తడం నేను కళ్లారా చూశాను. మా బండమీద సర్పంచి వెల్లకిలా పడుకుని, ఊళ్లో అప్పజెప్పాల్సిన బాధ్యతలేవో భార్యకు అప్పజెబుతున్నాడు. పొదల చాటున పైడిరాజు మాస్టారు రెండు చేతులూ జోడించి నిలబడి ఉన్నాడు. కుక్కలు కూడా నాలుకలు వేలాడేసి రొప్పుతున్నాయి. వాటికి మేం శిక్షణ ఇవ్వలేదు, ఎండకు అలా ఉన్నాయి. కాని హెల్గా వాటిని కూడా రాసుకుంది.

"కొంచెం తగ్గించమను," అంది వైర్‌లెస్. నేను వినిపించుకోలేదేమో అని మళ్లీ అంది, "తగుమాత్రం! తగుమాత్రం అని రాశాం కదయ్యా!"

ఎక్కుడు మొదట్లో, గెడ్డ పక్కన, బుద్రమ్మ డోలీలో ఉంది. నలుగురు మోస్తున్నారు. రెండడుగులకోసారి దింపి, కొండకేసి చూసి, తల బాదుకుని మళ్లీ ఎత్తుతున్నారు. బుద్రమ్మ ఒక చెయ్యి డోలీలోంచి కిందికి జారవిడిచి, "నా ఊరు... ఒక్కసారి... సూసుకుని..." అంటోంది. అది మాస్టారి ప్రసిద్ధ సన్నివేశం. చుట్ట మాత్రం చెవి వెనక భద్రంగా ఉంది.

హెల్గా ముఖం పాలిపోయింది. ఆవిడ డోలీకేసి కాదు, పైకి చూస్తోంది. మా తలలకంటే చాలా ఎత్తులో, గెడ్డ ఒడ్డు చెట్టుకొమ్మల్లో ఎండిపోయిన తుప్పలు, గడ్డి చిక్కుకుని వేలాడుతున్నాయి.

"నీళ్లు అంత ఎత్తు వస్తాయా?" అని అడిగింది. "అప్పుడు వీళ్లు ఎలా దాటుతారు?"

నేను ఆ మాట తెలుగు చేశాను. బుద్రమ్మ రొప్పడం ఆపేసింది. డోలీలోంచి దిగి, చీర సర్దుకుని, వెనకాల నిలబడ్డ పెద్దకోడలి దగ్గర్నుంచి గెడ్డన్నను తీసుకుంది.

"దాటం. అదే సెప్పు దొరసానికి. దాటం, కూకుంటాం. ఈడు ఈ రాయి మీద పుట్టినాడు. ఆన కురుత్తంటే నానూ మా ఆడోళ్లూ సుట్టూ సీరలు పట్టుకుని నిలబడ్డాం. ఈడి తల్లి సచ్చిపోద్దనే అనుకున్నాను. అదిగో, మా రెండో కోడలు, దానికీ ఆనల్లోనే పురుడొస్తాది." ముక్తను చూపించింది. ఆవిడ గొంతు వణికింది. అది మాస్టారు నేర్పింది కాదు.

నా ఉద్యోగంలో మాటలకు అలంకారం వేయడం అలవాటు. ఆ రోజు ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీయలేదు. హెల్గా గెడ్డన్న పాదం ఒకసారి నిమిరింది. తర్వాత అడిగింది: "లింగగూడలో పట్టా కింద ఇనుప దూలాలు చూశాను. అవి దేనికి?"

"వంతెనకు," అన్నాను.

"మరి కట్టలేదేం?"

వైర్‌లెస్ మా మాటలన్నీ పైకి వినిపిస్తూనే ఉంది, ఇప్పుడు గరగరలాడింది. "అనువాదకుడా! అది అనువదించకు!"

"మీ బూట్ల కోసం," అని నేను అప్పటికే అనువదించేశాను.

మండలి నివేదిక పదిహేను రోజులకు వచ్చింది. నగేంద్రనాథ్ గారు నన్నే చదవమన్నారు. "ఈ దారికి ఇవ్వడానికి మా దగ్గర బూట్లు లేవు. మా కొలమానం అయిదుతో ఆగిపోతుంది, ఈ కొండ దాన్ని దాటి పెరిగింది. పుట్టి పెరిగినవారికే ప్రాణాంతకంగా ఉన్న ఎక్కుడులో పరాయివారిని నడవనివ్వడం నేరం. గెడ్డపై వంతెన, దారికి మెట్లు ఏర్పడే వరకు మేఘపథాన్ని మా పటం నుంచి తొలగిస్తున్నాం."

అప్పటికే ప్రారంభోత్సవానికి మంత్రిగారు ముహూర్తం ఇచ్చేశారు. ఆహ్వానపత్రికలు పంచేశాం. పటంలో లేని దారికి రిబ్బను ఎలా కత్తిరించడం? నగేంద్రనాథ్ గారు కళ్లజోడు తీశారు గాని తుడవలేదు. ఆ సాయంత్రమే పట్టా లేచింది. యుద్ధప్రాతిపదికన అనే మాట మా ఉత్తర్వుల్లో చాలాసార్లు వాడాను, అది నిజంగా జరగడం అప్పుడే చూశాను. ఇనుమును ఉసిరిపుట్టు వాళ్లే కావిళ్ల మీద దింపారు. మేం పీకిన రాళ్లు మేమే మళ్లీ పాతాం. వానలు పడే వేళకు వంతెన లేచింది. దానికి శిలాఫలకం కూడా పెట్టాం: "పరదేశ పాదచారుల సౌకర్యార్థం." ఊరి పేరు అందులో లేదు. బుద్రమ్మకు చదివి వినిపిస్తే, రాయి మీద ఏటుంటే ఏటి, కాలు పడితే సాలు అంది.

కొత్త అంచనాలో మూడు బూట్లు వచ్చాయి. నగేంద్రనాథ్ గారు బుద్రమ్మను అతిథిగృహానికి పిలిపించి, బతిమాలే గొంతుతో అడిగారు.

"చూడమ్మా, ప్రారంభోత్సవం నాడు మరొక్కసారి, ఈసారి నిజంగా తగుమాత్రం ఆయాసపడితే, నాలుగోది వస్తుంది."

"అమ్మో, కొండ మళ్లీ ఎదుగుద్ది బాబూ. కిందటిసారి మీ కాయితంలో ఎంత ఎదిగిపోనాదో సూసినారు కదా."

"ఏరు దాటి తెప్ప తగలేస్తారన్నమాట!"

"మాకు తెప్ప ఎవులిచ్చినారు బాబూ, తగలెయ్యడానికి?" అని, బుద్రమ్మ గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

ప్రారంభోత్సవం రోజున తెల్లవారుజాము నుంచీ వాన. లింగగూడ దగ్గర, దారి పై మొదట్లో, స్వాగతద్వారానికి పట్టు రిబ్బను కట్టాం. మంత్రిగారు కిందికి దిగరు కాబట్టి, కింద అంతా సవ్యంగా ఉందని చూసి రమ్మని నగేంద్రనాథ్ గారికే ఆజ్ఞ వచ్చింది. ఆయన మేఘపథంమీద కాలు పెట్టడం అదే మొదలు. వెంట నేను గొడుగు పట్టుకుని దిగాను. గెడ్డ ఎర్రగా, రాళ్లను దొర్లించుకుంటూ పోతోంది. దానిమీద వంతెన నిలబడి ఉంది. ఆయన దానిమీద చెయ్యి వేసి, తృప్తిగా తల ఊపి, వెనక్కి తిరిగారు.

మూడో మలుపు దగ్గర ఆయన మా బండమీద కూలబడ్డారు. అంత అచ్చమైన ఆయాసాన్ని నేను శిక్షణలో కూడా చూడలేదు. మాస్టారు ఉంటే కాళ్లకు దండం పెట్టేవాడు.

అప్పుడు కింద నుంచి డోలీ వచ్చింది. ఈసారి సోమన్నా, మరో ముగ్గురూ. అడుగు తడబడకుండా, నోరు మెదపకుండా, వానలో జారే మెట్ల మీద ఎక్కుతున్నారు. డోలీలో ముక్త. పెదవి పంటి కింద నొక్కిపెట్టుకుంది. పక్కన బుద్రమ్మ. మంత్రిగారు కత్తిరించకముందు స్థానికులెవరూ ద్వారం దాటరాదని మా ఉత్తర్వు ఉంది. నగేంద్రనాథ్ గారు చెయ్యెత్తారు, ఆపమనడానికి. మాట రాలేదు.

"ఆ... ఆయా..." అన్నారు.

డోలీ మోసే నలుగురూ, వెనకాల వచ్చే ఆడవాళ్లందరూ ఒక్కసారిగా ఆయనకేసి తిరిగి, పెదవులమీద వేలు పెట్టుకున్నారు. బుద్రమ్మ దగ్గరికొచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"అనకు బాబూ," అంది మెల్లగా. "పిల్ల ఆసుపత్రికి ఎల్లాల. ఈ పూట కొండ ఎదక్కూడదు."

నగేంద్రనాథ్ గారు నోరు మూసుకున్నారు. ముక్కుతో ఊపిరి పీల్చుకుంటూ, నా భుజం పట్టుకుని లేచి, వాళ్ల వెనకే ఎక్కారు. పైన ద్వారం దగ్గర కాపలావాడు డోలీకి అడ్డం వచ్చాడు. నగేంద్రనాథ్ గారు వాణ్ణి పక్కకు తోసి, తడిసి బరువెక్కిన రిబ్బనును రెండు చేతులతో తలపైకి ఎత్తి పట్టుకున్నారు. డోలీ కిందినుంచి పోయింది, వెనక సంతకు పోయే గంపలన్నీ కూడా పోయాయి.

ముక్తకు ఆ సాయంత్రమే ఆసుపత్రి మంచంమీద ఆడపిల్ల పుట్టింది. పేరేం పెడతారని అడిగాను. గెడ్డ పేరూ కొండ పేరూ ఏదీ పెట్టలేదు, ఊళ్లో నలుగురు పిల్లల్లాగే చంద్రిక అని పెట్టుకున్నారు.